పోటు లెక్క తెలిస్తేనే పిట్టలు కనిపిస్తాయి

పక్షుల్ని చూడాలంటే తెల్లారకముందే లేవాలని అందరూ చెబుతారు. అడవిలో ఆ మాట నిజమే. నది సముద్రంలో కలిసే చోట మాత్రం అది సగమే పనికొస్తుంది. నేను మొదటిసారి అలాంటి ఒక మొగ (నదీముఖం) దగ్గరికి వెళ్లినప్పుడు సూర్యుడి కంటే ముందే గట్టెక్కి కూర్చున్నాను. ఎదురుగా కిలోమీటరు పైనే బురద. దాని అవతలి అంచున, నీళ్లు మొదలయ్యే చోట, మిరియాలు చల్లినట్టు వేల చుక్కలు. బైనాక్యులర్స్ పెట్టి చూస్తే ఆ చుక్కలు కదులుతున్నాయి, అంతకుమించి ఏమీ తెలియలేదు. తొమ్మిదిన్నరకి విసుగొచ్చి వచ్చేశాను. నేను వచ్చేసిన రెండు గంటలకి అదే గట్టు ముందు, కూతవేటు దూరంలో, ఆ వేల పిట్టలూ వరసగా నిలబడ్డాయని తర్వాత ఇంకొకాయన చెబితే తెలిసింది.

నేను గడియారం చూసి వెళ్లాను. పిట్టలు పోటు చూసుకుని వస్తున్నాయి. శరత్కాలంలో నదీముఖం దగ్గర అర్థంకాని విషయాలు చాలానే ఉంటాయి. నిన్న వేలల్లో ఉన్నవి ఇవాళ ఎందుకు లేవు? సెప్టెంబర్లో రావాల్సిన పిట్ట జులైలోనే ఎందుకు దిగింది? పుస్తకంలో బొమ్మకీ ఎదురుగా ఉన్న పిట్టకీ పోలికే లేదేం? వీటిలో ఏ ముడి విప్పబోయినా చివరికి తేలేవి రెండే ప్రశ్నలు: బురద ఎప్పుడు బయటపడుతోంది, ఎదురుగా ఉన్న పిట్ట వయసెంత.

ముందు నీళ్ల సంగతి. చాలా తీరాల్లో సముద్రం రోజుకు రెండుసార్లు పోటు మీద (నీళ్లు పైకెక్కి) ఉంటుంది, రెండుసార్లు పాటు మీద (నీళ్లు వెనక్కి తీసి) ఉంటుంది. ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు. ఇవాళ ఉదయం 8 గంటలకు పోటు నిండితే రేపు ఉదయం 8:50 ప్రాంతంలో నిండుతుంది. ఈ యాభై నిమిషాల జరుగుడు వల్లే నిన్న అదే వేళకు కనిపించిన గుంపు ఇవాళ కనిపించదు. పిట్టలు ఎక్కడికీ పోలేదు, మీరే యాభై నిమిషాలు ముందొచ్చారు.

పోటు ఎంత ఎత్తుకు వస్తుందన్నది తిథిని బట్టి ఉంటుంది. అమావాస్య, పున్నమి వెళ్లిన ఒకటి రెండు రోజులకు పెద్ద పోట్లు, అష్టమి వెళ్లాక చిన్న పోట్లు. పెద్ద పోటు రోజున నీళ్లు బురద మొత్తాన్ని కప్పేసి పర్ర (గట్టు వైపు గడ్డి మొలిచిన చిత్తడి) దాకా ఎక్కుతాయి, అంతే దూరం వెనక్కీ పోతాయి. చిన్న పోటు రోజున బురద పూర్తిగా మునగదు, పూర్తిగా తేలదు. ఇందులో చూసేవాళ్లకు పనికొచ్చే చిట్కా ఒకటుంది. ఒక చోట అమావాస్య పోటు మిట్టమధ్యాహ్నం నిండితే, పున్నమి పోటు కూడా ఇంచుమించు ఆ వేళకే నిండుతుంది, వచ్చే అమావాస్యకూ అంతే. కాబట్టి ఒక మొగ గురించి ఒక్కసారి తెలుసుకుంటే పెద్ద పోటు అక్కడ ఏ పూట వస్తుందో ఎప్పటికీ గుర్తుంటుంది. సెప్టెంబర్ ఆఖర్లో పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల దగ్గర వచ్చే పోట్లు ఏడాదిలో పెద్దవాటి కోవలోకి వస్తాయి. వలస పిట్టలు దండిగా ఉండే రోజులూ అవే కావడం మన అదృష్టం.

పోటు పట్టికల్ని కళ్లు మూసుకుని నమ్మడం కూడా ఇబ్బందే. పట్టికలో రాసిన వేళ ఏదో ఒక రేవుకి సంబంధించింది. అక్కడి నుంచి నదిలోకి లోపలికి వెళ్లేకొద్దీ పోటు ఆలస్యంగా అందుతుంది. గాలి సముద్రం మీద నుంచి గట్టిగా వీస్తే నీళ్లు లెక్క కంటే ఎక్కువ ఎక్కుతాయి. వాతావరణ పీడనం ఒక మిల్లీబార్ తగ్గితే సముద్ర మట్టం సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. తుఫాను దగ్గర్లో ఉన్నప్పుడు పోటు పట్టికను దాటి రావడానికి ఇదొక కారణం. నదికి పైనుంచి వరద వస్తుంటే పాటు కూడా పూర్తిగా తీయదు.

ఇంతకీ వెళ్లాల్సింది ఎప్పుడు? పోటు నిండడానికి రెండు గంటల ముందు చేరి, నిండాక ఇంకో గంట ఉండండి. నీళ్లు పైకి వస్తుంటే బురద కుంచించుకుపోతుంది, దాని మీద మేసే పిట్టలు అడుగులో అడుగు వేసుకుంటూ మీ వైపు వస్తాయి. మీరు కదలక్కర్లేదు. కాకపోతే నీళ్లు ఎదురుగా వస్తున్నాయి కదా అని బురదలోకి దిగొద్దు. బురద చదునుగా కనిపిస్తుంది గానీ అందులో పాయలుంటాయి. పోటు ముందుగా వాటిలోంచి ఎక్కి మీ వెనక చేరుతుంది. ఎదుట ఇంకా పొడిగానే ఉండగా వెనక మోకాలి లోతు నీళ్లుండొచ్చు. చూసే పనంతా గట్టు మీద నుంచే.

అసలు ఇన్ని పిట్టలు బురద కోసం ఎందుకు కొట్టుకుంటాయి? నది మోసుకొచ్చే ఒండ్రులో బంకమట్టి రేణువులు చాలా సన్నవి. మంచినీళ్లలో అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలుతూ ఉంటాయి. ఉప్పునీరు తగలగానే ఒకదానికొకటి అంటుకుని, ముద్దకట్టి, బరువెక్కి కిందికి దిగుతాయి. అలా మొగ దగ్గర మేట వేస్తుంది. దాంతో పాటే నది తెచ్చిన కుళ్లిన ఆకులూ, సముద్రం తెచ్చిన పోషకాలూ అక్కడే ఆగుతాయి. ఇక్కడ బతకడం మాత్రం కష్టం. ఆరు గంటలు ఉప్పునీరు, ఆరు గంటలు ఎండ, వాన పడితే మంచినీరు. ఈ బాధ తట్టుకోగల జీవులు తక్కువ రకాలే. కానీ తట్టుకున్నవాటికి పోటీ తక్కువ, తిండి ఎక్కువ, అందుకని అవి విపరీతంగా పెరుగుతాయి. గుల్లలు, గింజంత నత్తలు, పొడుగు పురుగులు, రొయ్యకు దూరపు చుట్టంలాంటి కొరోఫియం అనే సన్న జీవి. పైకి ఖాళీ మైదానంలా కనిపించేది నిజానికి వడ్డించిన విస్తరి.

విస్తరి ఒకటే అయినా తినే పద్ధతులు వేరు. నేలకు దగ్గర్లో ఉన్నవాటిని పొట్టి ముక్కు పిట్టలు ఏరుకుంటాయి, లోతున ఉన్నవాటి కోసం పొడుగు ముక్కులు దిగుతాయి. కర్ల్యూ ఆడపిట్ట వంకర ముక్కు 15 సెంటీమీటర్ల దాకా ఉంటుంది, మగదానిది పొట్టి. అవోసెట్ పైకి తిరిగిన ముక్కుతో కొడవలి విసిరినట్టు నీళ్లను అటూ ఇటూ కోస్తుంది. గాడ్విట్, ఉల్లంకి జాతి పిట్టలు ముక్కు మొత్తం తెరవకుండా కొన మాత్రమే తెరవగలవు. బురదలో పాతుకున్న ముక్కుతో పురుగును పట్టడం అందుకే సాధ్యం.

నాట్ అనే మధ్యరకం పిట్టది ఇంకో విద్య. దాని ముక్కు కొనలో ఒత్తిడిని పసిగట్టే గ్రాహకాలుంటాయి. తడి ఇసుకలో ముక్కు గుచ్చినప్పుడు ఇసుక రేణువుల మధ్య నీరు నొక్కుకుంటుంది. దగ్గర్లో గట్టి వస్తువేదైనా ఉంటే ఆ ఒత్తిడిలో తేడా వస్తుంది, ఆ తేడాను బట్టి గుల్ల ఎక్కడుందో కనిపెడుతుంది. నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు 1990లలో తడి ఇసుకలో గుల్లలకు బదులు రాళ్లు పాతిపెట్టి చూశారు. వాసన లేదు, కదలిక లేదు, అయినా నాట్‌లు వాటిని పట్టేశాయి. పొడి ఇసుకలో పెడితే పట్టలేకపోయాయి. పొడి ఇసుకలో వాటి విద్య చెల్లలేదంటే, ఈ పిట్టలు నీటి అంచును అంటిపెట్టుకుని తిరగడానికి కారణం కొంత ఇక్కడే ఉంది.

ముక్కుల సంగతి పుస్తకంలో చదవడం కంటే ఒక పిట్టను ఎంచుకుని పది నిమిషాలు చూడటం మేలు. నేను ఎక్కువగా చూసేది బూడిదరంగు ప్లవర్‌ను. ప్లవర్ ముక్కు పొట్టిది, కళ్లు పెద్దవి. గుచ్చి వెతకదు, చూసి పడుతుంది. నాలుగడుగులు గబగబా పరుగు, ఠక్కున ఆగడం. మెడ కొంచెం వాల్చి, శిలలా నిలబడటం. అయిదు సెకన్లు, పది సెకన్లు. తర్వాత ముందుకు వంగి ఒక్క పొడుపు. ముక్కులో పురుగు కొస చిక్కింది. ఇక్కడే దాని ఓపిక చూడాలి. లాగేయదు, లాగితే తెగుతుంది. పురుగు రబ్బరులా సాగుతుంటే పిట్ట వెనక్కి వాలి అలాగే బిగబట్టి ఆగుతుంది. పురుగు పట్టు సడలిన క్షణంలో ఇంకొంచెం, మళ్లీ ఆగడం. చివరికి మొత్తం బయటికొచ్చాక పక్కనున్న గుంటలో నీళ్లకు తగిలించి మింగుతుంది. దానికి నాలుగు గజాల్లో డన్లిన్ అనే చిన్న పిట్టల గుంపు తల ఎత్తకుండా దబ్బనంతో గోనె కుట్టినట్టు బురదను కుట్టుకుంటూ పోతుంటుంది. ఒకే బురద మీద ఒకటి కంటితో మేస్తోంది, ఇంకొకటి ముక్కుతో మేస్తోంది. ప్లవర్లు దూరం దూరంగా, డన్లిన్లు దగ్గర దగ్గరగా ఎందుకుంటాయో కూడా దీన్నిబట్టే తెలుస్తుంది. పక్కవాడి అడుగుల చప్పుడుకి పురుగులు లోపలికి దూరితే చూసి పట్టేవాడికే నష్టం.

ఇక కాలం సంగతి. శరత్కాలపు వలస అంటాం గానీ ఈ పిట్టలకు శరత్తు జూన్ ఆఖర్లోనే మొదలవుతుంది. ఉత్తర ధ్రువానికి దగ్గరి టండ్రాలో వేసవి ఎంత పొట్టిదంటే, గుడ్లు పోగొట్టుకున్న జంట మళ్లీ పెట్టే సమయం ఉండదు. అవి ఆలస్యం చేయకుండా దక్షిణానికి బయల్దేరతాయి. కొన్ని జాతుల్లో తల్లిదండ్రుల్లో ఒకరే పిల్లల్ని చూసుకుంటారు, రెండోవాళ్లు ముందే దారి పట్టేస్తారు. కర్ల్యూ శాండ్‌పైపర్ (కర్ల్యూ వేరు, ఇది వేరే చిన్న పిట్ట)లో గుడ్లు పొదిగేది ఆడపిట్ట ఒక్కటే, కాబట్టి ముందు కనిపించేవి మగవి. స్పాటెడ్ రెడ్‌షాంక్‌లో ఇది తలకిందులు: గుడ్లు పిగలక ముందే ఆడవి వెళ్లిపోతాయి, మగవి మిగిలి పిల్లల్ని చూసుకుంటాయి. పిల్లలు పుట్టిన కొద్ది వారాలకు మిగిలిన పెద్దవీ బయల్దేరతాయి. అన్నిటికంటే ఆఖరున, ఆగస్టు చివర నుంచి అక్టోబర్ దాకా, ఆ ఏడాది పుట్టిన పిల్లలు దిగుతాయి. దారి చూపే పెద్దలు అప్పటికి ఎప్పుడో వెళ్లిపోయారు.

మరి పిల్లలకు దారెలా తెలుసు? ఈ ప్రశ్నకు బాగా పేరున్న జవాబు ఒకటి గోరింకల జాతికి చెందిన స్టార్లింగ్‌ల మీద చేసిన ప్రయోగంలో ఉంది. పెర్డెక్ అనే డచ్ శాస్త్రవేత్త నెదర్లాండ్స్ మీదుగా వలస వెళ్తున్న 11,000కు పైగా స్టార్లింగ్‌లను పట్టి, కాళ్లకు రింగులు వేసి, స్విట్జర్లాండ్ తీసుకెళ్లి వదిలాడు. ఫలితాలు 1958లో అచ్చయ్యాయి. పెద్ద పిట్టలు తేడా గమనించి దిక్కు మార్చుకుని, ఎప్పుడూ చలికాలం గడిపే చోటికే వెళ్లాయి. మొదటిసారి వెళ్తున్న పిల్లలు మాత్రం దిక్కు మార్చలేదు. పుట్టుకతో వచ్చిన దిశలోనే పోయి స్పెయిన్, దక్షిణ ఫ్రాన్స్ వైపు తేలాయి. అంటే పిల్లకు ఏ దిక్కుకి వెళ్లాలో పుట్టుకతోనే వస్తుంది, చేరాల్సిన చోటు మాత్రం ఒకసారి వెళ్లొస్తేనే తెలుస్తుంది. గాలికి దారి తప్పి, ఎన్నడూ కనిపించని చోట ఒంటరిగా దిగే అరుదైన పిట్టల్లో ఎక్కువ పిల్లలే ఎందుకుంటాయో దీంతో కొంత అర్థమవుతుంది.

దారి తప్పకపోతే ఆ పిల్లలు ఏం చేయగలవో 2022లో తెలిసింది. అలాస్కాలో పుట్టి, వయసు అయిదు నెలలున్న ఒక బార్ టెయిల్డ్ గాడ్విట్ వీపున చిన్న ఉపగ్రహ ట్యాగ్ ఉంది, దాని నంబరు 234684. అక్టోబర్ 13న బయల్దేరి పసిఫిక్ మహాసముద్రం మీదుగా 11 రోజులు ఆగకుండా ఎగిరి, అక్టోబర్ 24న ఆస్ట్రేలియాలోని టాస్మానియాలో దిగింది. మొత్తం 13,560 కిలోమీటర్లు. గాడ్విట్ నీళ్ల మీద వాలి సేదతీరే పిట్ట కాదు. అంత దూరం తిండి లేదు, నీళ్లు లేవు. (అది దిగిన చోట అప్పుడు వసంతం. మనం శరత్తు అంటున్నది భూగోళంలో పైసగం వాళ్ల మాట, పిట్టకు దాంతో పనిలేదు.)

గుర్తుపట్టే తలనొప్పికి మందు కూడా ఈ వయసు లెక్కలోనే ఉంది. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు చేసే పొరపాటు, ఎదురుగా ఉన్నదాని పేరేంటని ముందే అడగడం. పుస్తకం తిరగేస్తే ఇరవై గోధుమరంగు పిట్టలు, అన్నీ ఒకేలా. టెన్షన్ మొదలు. నా మటుకు నేను పేరు పక్కనపెట్టి వయసు అడుగుతాను. జులై, ఆగస్టుల్లో వచ్చే పెద్దపిట్టల ఈకలు వేసవంతా వాడి అరిగిపోయి ఉంటాయి. అంచులు చిరిగి, రంగు వెలిసి, ఎర్రటి పెళ్లిబట్టల (జతకట్టే కాలపు ఈకల) మధ్య అక్కడక్కడా కొత్త బూడిదరంగు ఈకలు మొలుస్తూ, మాసికలు వేసిన దుప్పటిలా కనిపిస్తాయి. రెక్కల్లో సందులు కూడా ఉండొచ్చు. పిల్లలవి అలా కాదు. ఒంటి మీద ఈకలన్నీ ఒకేసారి మొలిచాయి, అన్నిటి వయసూ ఒకటే, ఇంకా అరగలేదు. ఒక కర్ల్యూ శాండ్‌పైపర్ పిల్ల వీపు మీద స్కోప్ (టెలిస్కోప్) నిలిపి చూడండి. ప్రతి ఈకా మధ్యలో బూడిద గోధుమ రంగు, దాని అంచుకు లోపల సన్నటి ముదురు గీత, అన్నిటికంటే బయట తెల్లటి అంచు. చేప పొలుసులు పేర్చినంత శుభ్రంగా వరసలు. రొమ్ము మీద లేత పీచ్ పండు రంగు మసకగా. ఒక్కసారి ఈ తేడా కంటికి పట్టిందంటే ఇరవై బొమ్మలు ఆరుకి దిగుతాయి.

తర్వాత ఎగిరినప్పుడు చూడాలి. నిలబడ్డప్పుడు దాచుకున్నవన్నీ రెక్క విప్పగానే బయటపడతాయి. కర్ల్యూ శాండ్‌పైపర్ తోక మొదట్లో తెల్లగా ఉంటుంది, డన్లిన్‌కు ఆ తెలుపు మధ్య నల్ల చార. బూడిదరంగు ప్లవర్ చంకలు నల్లగా ఉంటాయి, బంగారు ప్లవర్లకు ఉండవు. రెడ్‌షాంక్ రెక్క వెనకంచు తెల్లగా మెరుస్తుంది. బ్లాక్ టెయిల్డ్ గాడ్విట్ రెక్కకు వెడల్పాటి తెల్ల పట్టీ ఉంటుంది, బార్ టెయిల్డ్‌కు ఉండదు. లిటిల్ స్టింట్ పిల్ల నిలబడ్డా దొరికిపోతుంది, వీపు మీద రెండు తెల్ల గీతలు కలిసి బాణం మొనలా ఉంటాయి. ఇవి తెలిసినా పోల్చుకోలేని పిట్టలు ప్రతి రోజూ కొన్ని మిగులుతాయి. మిగలనివ్వండి. దూరం, ఎండ వేడికి గాలి వణుకు, ఎదురెండ, ఈ మూడింటి ముందు ఎంత ఖరీదైన లెన్సూ నిలవదు. సూర్యుణ్ణి వెనక పెట్టుకుని కూర్చోవడం కొత్త లెన్సు కొన్నదాని కంటే ఎక్కువ లాభం.

కొన్నేళ్లు పిల్లలు విరివిగా వస్తాయి, కొన్నేళ్లు దాదాపు రావు. కారణం బురదలో లేదు, వేల కిలోమీటర్ల అవతల ఎలుకల్లో ఉంది. టండ్రాలో లెమ్మింగ్ అనే చుంచెలుకల సంఖ్య కొన్నేళ్లకోసారి పెరిగి పడిపోతుంటుంది. అవి దండిగా ఉన్నప్పుడు నక్కలు వాటితో కడుపు నింపుకుంటాయి. అవి పడిపోయిన ఏడాది నక్కలు పిట్టల గూళ్ల మీద పడతాయి. ఆ ఏడాది సెప్టెంబర్లో మొగ దగ్గర కర్ల్యూ శాండ్‌పైపర్ పిల్లలు పలచబడతాయి.

వచ్చినవి ఇక్కడ చేసే పని తినడం. వింటే ఇంతేనా అనిపిస్తుంది గానీ ఆ తినడం మామూలుది కాదు. కెనడాలోని ఫండీ అఖాతంలో పోటుకీ పాటుకీ తేడా 16 మీటర్ల దాకా ఉంటుంది, పాటు వేళ బయటపడే బురదకు అంతు ఉండదు. సెమీపామేటెడ్ శాండ్‌పైపర్లు జులై మధ్య నుంచి అక్కడ దిగుతాయి. దిగినప్పుడు 20 గ్రాముల బరువు. కొరోఫియంలను తిని రెండు మూడు వారాల్లో ఆ బరువును రెట్టింపు చేసుకుంటాయి. తర్వాత దక్షిణ అమెరికా దాకా సుమారు 4,000 కిలోమీటర్లు, మూడు రోజులు ఏకబిగిన ఎగురుతాయి. గాడ్విట్ అయితే బయల్దేరేటప్పటికి ఒంటి బరువులో సగానికి పైగా కొవ్వే. ఆ బరువు మోయడానికి వీలుగా కందనకాయ, పేగులు, కాలేయం కుదించుకుంటుంది. దారిలో తినేది లేనప్పుడు వంటపాత్రలు మోయడం దేనికి? దిగాక మళ్లీ పెంచుకుంటుంది.

గట్టు మీద మన నడవడిక కూడా ఈ లెక్కలోకి వస్తుంది. పోటు నిండినప్పుడు పిట్టలకు మేత లేదు, పొడిగా ఉన్న ఏ ఇసుకతిన్నె మీదో, పర్ర అంచునో ఒంటికాలి మీద నిలబడి, ముక్కు వీపు ఈకల్లో దూర్చి, కొవ్వు ఖర్చు కాకుండా కాపాడుకుంటాయి. ఆ వేళ ఫొటో కోసం పది అడుగులు ముందుకేస్తే మొత్తం గుంపు లేస్తుంది. చూడటానికి బ్రహ్మాండంగా ఉంటుంది, వీడియోకి లైకులు కూడా పడతాయి. ఆ గుంపు మళ్లీ స్థిమితపడి వాలేదాకా గాలిలో తగలేసింది రెండు వారాలుగా కూడబెట్టిన కొవ్వులోంచే. డ్రోన్ ఎగరేసేవాళ్ల గురించి నేను మర్యాదగా రాయలేను కాబట్టి వదిలేస్తున్నాను. పిట్టలు మెడలు చాచి ఒకేసారి మీ వైపు తిరిగాయంటే, రెడ్‌షాంక్ అరుపు అందుకుందంటే, మీరు ఇప్పటికే దగ్గరికి వెళ్లిపోయినట్టు. అక్కడే ఆగి, మెల్లగా కూర్చోండి.

మనం కదలకపోయినా గుంపు లేస్తే పైకి చూడాలి. చాలాసార్లు భైరి డేగ కనిపిస్తుంది. గుంపు బిగుసుకుని, ఒకసారి తెల్లగా ఒకసారి నల్లగా మారుతూ మలుపులు తిరుగుతుంది. పొట్టలు, వీపులు వరసగా మన వైపు తిరగడం వల్ల వచ్చే మెరుపు అది. డేగ గుంపు మధ్యలోకి దూకదు, అంచున వెనకబడ్డదాన్ని చూస్తుంది. పర్ర మీద వేట తీరు వేరు. అక్కడ పిల్లిగద్దలు గడ్డి మీద తక్కువ ఎత్తున తేలుతూ, చెవులతో కూడా వెతుకుతూ పోతాయి. మామూలు రోజుల్లో గడ్డిలో ఏముందో మనకు తెలియదు. ఏడాదిలోకెల్లా పెద్ద పోటు రోజున మాత్రం నీళ్లు గడ్డి మొదళ్లలోకి ఎక్కి, దాక్కుని బతికే రెయిల్ పిట్టలను, చుంచులను గట్టు వైపు తరుముతాయి. నెలల తరబడి గొంతు మాత్రమే విన్న పిట్ట పగటి వెలుగులో బయట నిలబడుతుంది. పిల్లిగద్దలకు, కొంగలకు కూడా ఆ సంగతి తెలుసు, అవి మనకంటే ముందే వచ్చి కూర్చుంటాయి.

ఒక మొగలో బురద పోతే పక్క మొగకు వెళ్తాయిలే అనే వాదన తరచూ వినిపిస్తుంది. దక్షిణ కొరియాలో శేమాంగుం దగ్గర దీనికి పరీక్ష జరిగింది. రెండు నదుల ముఖద్వారాలను మూసేస్తూ 33 కిలోమీటర్ల గోడ కట్టి 2006లో సముద్రానికి తలుపు వేశారు. అక్కడ దిగే గ్రేట్ నాట్‌లు చుట్టుపక్కల బురదలకు మారిపోలేదు. చలికాలం గడిపే ఆస్ట్రేలియాలోనూ వాటి సంఖ్య పడిపోయింది. 2015లో ఆ జాతిని అంతరించే ప్రమాదమున్న వాటి జాబితాలో చేర్చారు. పక్క బురదలో అప్పటికే తినేవాళ్లున్నారు, విస్తరి ఖాళీగా లేదు. దీనికి వ్యతిరేక దిశలో చెప్పుకోవాల్సింది నెదర్లాండ్స్, జర్మనీ, డెన్మార్క్ తీరాల వెంట సాగే వాడెన్ సముద్రం. ఏటా కోటి నుంచి కోటీ ఇరవై లక్షల పిట్టలు దాని మీదుగా వెళ్తాయి. 2009లో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది, డెన్మార్క్ భాగం 2014లో చేరింది. పసుపు సముద్రపు చైనా తీరం 2019లో, కొరియా బురద మైదానాలు కొన్ని 2021లో అదే జాబితాలోకి వచ్చాయి.

ఇలాంటి గుర్తింపులు లెక్కల మీద ఆధారపడతాయి. 1971లో ఇరాన్‌లోని రామ్‌సర్‌లో కుదిరిన చిత్తడి నేలల ఒప్పందం కింద, ఒక చోట 20,000 నీటిపక్షులు క్రమం తప్పకుండా ఉంటున్నా, ఒక జాతి మొత్తం సంఖ్యలో ఒక శాతం అక్కడ చేరుతున్నా అది అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చోటు కిందికి వస్తుంది. కాబట్టి గట్టు మీద కూర్చుని లెక్కపెట్టడం కాలక్షేపం ఒక్కటే అనుకోవద్దు. పద్ధతి తేలికే. గుంపులో ఒక పక్కన పది పిట్టల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, ఆ పది ఎంత జాగా తీసుకున్నాయో కంట్లో పెట్టుకుని, అదే కొలతతో వంద, వందతో వెయ్యి. మొదట్లో అందరం సగానికి సగం తప్పుతాం. మామూలుగా తక్కువే చెబుతాం.

ఈ మధ్య నాకు ఇష్టమైనది సాయంత్రం నిండే పోటు. గాలి వెనక నుంచి వీస్తున్న రోజైతే మరీ. నీళ్లు పర్ర అంచును తాకే వేళకు గుంపులో ఒక మూల అలజడి మొదలవుతుంది. నిద్రపోవాల్సినవి నిద్రపోకుండా స్నానాలు చేస్తాయి, ఈకలు సవరించుకుంటాయి, ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి. ముప్పై నలభై పిట్టలు లేచి, ఒక చుట్టు తిరిగి, అరుస్తూనే ఎత్తుకెక్కుతాయి. మూడు నాలుగు మనసు మార్చుకుని వెనక్కొచ్చి వాలతాయి. మిగిలినవి వంకర గీతగా సర్దుకుని దక్షిణానికి తిరుగుతాయి, అరుపులు సన్నబడతాయి. స్కోప్‌లో అవి దుమ్ముగీతలా కనిపించినంతసేపు చూసి, పుస్తకంలో సంఖ్య రాసుకున్నాను: బయల్దేరినవి 36, వెనక్కొచ్చినవి 4. ఇవాళ పోటు నాలుగున్నరకి నిండింది. రేపు అయిదు ఇరవైకి.